ఆరా తీసే చెయ్యి

కూర్మన్నపాలెం నుంచి ఉక్కు ఫ్యాక్టరీకెళ్లే షిఫ్టు బస్సులో మా సెక్షన్ ఇన్‌ఛార్జి ఎప్పుడూ నా పక్కనే కూర్చునేవాడు. భుజం మీద చెయ్యి వేశాడంటే ఆరా మొదలైనట్టే. “ఏటి బావా, మీ ఆవిడ భీమిలి కన్నోరింటికి ఎల్లిపోనాదట? గొడవేటి?” బస్సంతా వినేది.

ఒకరోజు షిఫ్టుకు ముందు జరిగే సేఫ్టీ మీటింగులో, క్రేను కదిలేటప్పుడు గంట ఎందుకు మోగడం లేదని అడిగాను. ఆయన నవ్వాడు.

“ఇంక్వైరింగ్ అంటే తెలుసుకోడానికి అడిగీవోడు. ఇంక్విజిటివ్ అంటే అక్కర్లేనివి తవ్వీవోడు. నువ్వు రెండో రకం బావా!”

నా కాపురాన్ని బస్సులో తవ్విపోసిన మనిషి నాకా పేరు పెట్టాడు. అందరూ నవ్వారు. ఆ మొహాలన్నీ నాకింకా గుర్తే. గంట సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ వారంలోనే చప్పుడు లేకుండా వచ్చిన క్రేను కొక్కెం నా కుడి భుజం విరగ్గొట్టింది.

ఆయన కమలాపళ్లతో ఆసుపత్రికొచ్చాడు. కట్టు లేని భుజం మీద చెయ్యి వేశాడు. కనీసం ఇప్పుడైనా గంట మాట ఎత్తుతాడనుకున్నాను.

“ఏటి బావా, మీ ఆవిడ ఒచ్చీసిందా?”

“ముందు ఆ గంట బాగుసేసారో లేదో సెప్పండి,” అన్నాను.

ఆయన నా భుజం మీంచి చెయ్యి తీశాడు. నాకు తెచ్చిన కమలాపండు ఒలుచుకుని తనే తిన్నాడు.