ముప్పై వోల్టులు ఎటు పోయాయి

మీటరు దగ్గర రెండొందల ఇరవై, బావి దగ్గర నూట తొంభై. ఇంటి పంచ నుంచి బావి గట్టుకి చేరేలోపు ముప్పై వోల్టులు మాయమయ్యాయి. దారిలో నేను తప్ప మనిషి లేడు. నేనైతే తినలేదు.

అప్పట్లో నేను చిలకలూరిపేటలో మోటార్లకి వైండింగు చేసే షాపులో పనివాణ్ణి. లెక్కల మేస్టారికీ నాకూ పడక ఆరో తరగతి మధ్యలోనే బడికి దండం పెట్టాను. ఆ తర్వాత బతుకంతా లెక్కల మీదే నడవడం ఆ మేస్టారి శాపమే అయి ఉండాలి. షాపు యజమానిని అందరం ఉస్తాదు అనేవాళ్లం. ఆయన నాకు చెప్పిన చదువు రెండే ముక్కలు. "వోల్టుల్ని ఆంపియర్లతో భాగించు, తీగ మొండితనం తెలుస్తుంది. గుణించు, దాని కోపం తెలుస్తుంది." మొండితనాన్ని ఓముల్లో, కోపాన్ని వాట్లలో కొలవాలని తర్వాతెప్పుడో తెలిసింది.

పర్చూరు వైపు ఊళ్లో ఒక రైతు, మోటారు మూలుగుతోంది, నీళ్లు సన్నగా పడుతున్నాయని కబురు పెడితే, మీటర్లు రెండూ సంచిలో వేసుకుని వెళ్లాను. మాఘమాసం. చేలో మిరపకి ఆఖరి తడి పెడుతున్నారు. తీసిన పత్తి, ధర వచ్చేదాకా ఉండనీ అని, ఇంటికీ బావికీ మధ్య ఉన్న తాటాకు పాకలో చూరుదాకా పోశారు. బావికి వెళ్లే రబ్బరు తొడుగు తీగ ఆ పాకలో నుంచే దూరి అవతలికి పోతుంది. నేను వచ్చేటప్పుడు రైతు తల్లి బుట్ట పట్టుకుని ఆ పాకలోకే వెళ్తోంది.

మోటారు పది ఆంపియర్లు లాగుతోంది. గట్టు మీద గొంతుక్కూర్చుని పుల్లతో మట్టిలో రాశాను. పోయిన ముప్పైని పదితో భాగిస్తే మూడు ఓములు. ఆ మందం రాగి తీగ, ఆ దూరానికి, ఒక్క ఓముకి మించి మొండికేయదు. దాని వాటా పది వోల్టులు. మిగతా రెండు ఓములు, ఇరవై వోల్టులు ఎక్కడో ఒకచోట నక్కి ఉన్నాయి. ఇరవైని పదితో గుణించాను. రెండొందల వాట్లు. రెండు పెద్ద బల్బుల వేడి. తీగ పొడవునా పరుచుకుంటే చీమకి కూడా చెమట పట్టదు. అంతా ఒక పిడికిట్లో ఇరుక్కుంటే?

తలెత్తి తీగ వెంట చూశాను. వెదురు గుంజ, ఇంకో గుంజ, ఆ తర్వాత పాక.

లేచి స్టార్టరు ఆపేశాను. మిరప సాళ్లలో నీళ్లు మళ్లిస్తున్న రైతు పార పట్టుకునే వచ్చాడు.

"ఎందుకాపావురా? నీళ్లు బోదె మధ్యలో ఉండాయి."

"తీగలో ఎక్కడో నిప్పు కూర్చుంది బాబాయ్. పాకలో చూడాలి."

"కూర్చుందా? మంచం వాల్చమంటావా?"

"ఎగతాళి కాదు బాబాయ్."

"పోయినసారి ఏమన్నావ్? బావిలో కప్ప తలూపితేగానీ మోటారు తిరగదన్నావు. పిచ్చోడిలాగా దానికి దండం గూడా పెట్టా. పోరా."

స్టార్టరు నొక్కి మళ్లీ చేలోకి దిగిపోయాడు. నేను ఆపితే ఆయన వేస్తాడు, ఇది తెగే బేరం కాదు. ఇంటి దగ్గర ఫ్యూజే లాగేద్దామని పరుగెత్తాను. పాక గుమ్మం దాటబోతూ ఆగిపోయాను. లోపలి నుంచి ఆముదం కాగుతున్న వాసన.

మామ్మ పత్తి మీద చతికిలబడి చెత్త ఏరుకుంటోంది. ఆవిడ తలకి కాస్త పైన, దూలానికి కట్టిన తీగ మీద, నిమ్మకాయంత గుడ్డ మూట. ఒక పక్క గోధుమరంగుకి తిరిగింది. అగరొత్తి నుంచి లేచినంత పొగ.

నిప్పని అరిస్తే ఆవిడ కంగారుపడి ఆ పత్తిలోనే పడుతుంది.

"మామ్మా, బయటికి రా."

"ఏరా, సంబంధం తెచ్చావా?"

"తెచ్చా. పెళ్లికొడుకు ఎండలో నిలబడ్డాడు, బేగి రా."

నవ్వుకుంటూ మోకాళ్లు పట్టుకుని లేచింది. ఒక్కో అడుగే వేస్తూ గుమ్మం దాకా వచ్చింది.

"ఆ మూటేంది మామ్మా?"

"అదా? మొన్న, పాకలో పత్తి పోయకముందు, ఎద్దు కొమ్ము తగిలి తీగ తెగింది. మావోడు రెండు కొసలూ మెలేశాడు. పచ్చిపుండులాగా ఉంటే చూళ్లేక, పత్తి పెట్టి ఆముదం గుడ్డ చుట్టా. మానిందా?"

ఊళ్లో ఎవరికి దెబ్బ తగిలినా కట్టు కట్టేది ఆవిడే. మనుషులకి మానేది కూడా. కానీ పత్తీ ఆముదమూ కలిస్తే దీపం ఒత్తి. ఆవిడ పాక మధ్యలో ఒత్తి పెట్టింది, వెలిగించే పని కరెంటు చూసుకుంటోంది.

"మానలేదు. మీవోణ్ణి మోటారాపి, ఇంటికాడ ఫ్యూజు లాగమను. నేను చెప్తే నవ్వుతాడు."

ఆవిడ నా మొహం చూసింది, పైకి చూసింది. చేను వైపు తిరిగి, "ఒరేయ్, మోటారు ఆపి ఫ్యూజు లాగరా," అంది. గొంతు పెద్దదేం కాదు. ఆయన మాత్రం ఎందుకని అడగలేదు. మోటారు ఆగింది, పాక పక్కనుంచి పరుగు వినిపించింది.

కరెంటు పోయిందని కేక వినిపించేదాకా ఆ మూటని ముట్టుకోకూడదు. కింద పత్తిని రెండు చేతులా పక్కకి నెడుతూ నిలబడ్డాను. ఒక రవ్వ రాలి నా మోచేతి మీద పడింది. దులిపితే పత్తిలో పడుతుంది, ఉండనిచ్చాను.

"ఫ్యూజు లాగా!" ఇంటి వైపు నుంచి రైతు కేక.

కుడితి గోలెం దగ్గరున్న తడి గోనె మామ్మ అందించింది. దాంతో మూటని ఒడిసి పట్టి తీగ కత్తిరించాను. గోనెలో అది బుస్సుమంది. బయట విప్పి చూస్తే పైన గుడ్డ, కింద నల్లటి పత్తి, దాని అంచున ఇంకా ఎర్రటి గీత.

తీగని పాక బయటినుంచి గుంజల మీద తిప్పి, అతుకు గట్టిగా బిగించి టంకం పెట్టేసరికి పొద్దు వాలింది. మోటారు వేశాం. బావి దగ్గర రెండొందల పది. ముల్లు చూసింది రైతే.

"ఇంకా పది తక్కువే. అవెటు పోయినయ్యిరా?"

"అవి తీగ కూలి బాబాయ్. పదిని పదితో గుణించు, వంద వాట్లు. దారి పొడుగునా పంచుకు తింటది."

ఆయన నవ్వలేదు. బావి నుంచి ఇంటిదాకా తీగని అరచేత్తో తడుముకుంటూ వెళ్లి, మళ్లీ తడుముకుంటూ వచ్చాడు.

మామ్మ గుమ్మం దగ్గరే కూర్చుంది, లోపలికి పోలేదు.

"పెళ్లికొడుకేడిరా?"

తడి గోనెలో మాడిపోయిన మూట చూపించాను. వంగి చూసింది. ఒళ్లో బుట్ట తీసి పక్కన పెట్టింది.

"మరీ కోపిష్టోడురా," అంది. "నాకొద్దు."