చేపకాటు మీద నా పరిశోధన

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: లోకంలో ఏ జబ్బుకైనా మందు ఎక్కడో ఒకచోట అచ్చయ్యే ఉంటుంది, దాన్ని వెతికే ఓపిక ఎవరికీ లేకనే రోగులు చచ్చిపోతున్నారు, ఆ ఓపిక నాకొక్కదానికే ఉంది. వైద్యం చదివేవాళ్ళకు ఇది ఏదో ఒక సంవత్సరంలో ఆటలమ్మ పోసినట్టు పోస్తుంది. కొందరికి తొందరగా తగ్గిపోతుంది. నాకు మాత్రం నాలుగో సంవత్సరం వేసవి సెలవుల్లో బాగా ముదిరింది.

సెలవులకు ఇంటికొచ్చి, విడవలూరు దాటాక సముద్రం దగ్గర ఉన్న ఒక చిన్న మిషన్ ఆస్పత్రికి పని నేర్చుకోవడానికి వెళ్ళేదాన్ని. మా మేనమామ అక్కడ కాంపౌండరు. ఆస్పత్రికంతా పెద్ద దిక్కు ఒక డాక్టరమ్మ. (ఆమె ఎదుట దగ్గు వచ్చినా మింగేసేవాళ్ళం.) ఒక మంగళవారం ఒక జాలరిని బండి మీద తీసుకొచ్చారు. కుడి అరచెయ్యి ఉబ్బిపోయి వేళ్ళు ముడవడానికి రావడం లేదు. మామ చీటీ మీద ‘చేపకాటు’ అని రాశాడు. సూదులు పొడిచారు, కట్లు కట్టారు, బుధవారానికి వాపు ఇంకా పెరిగింది. డాక్టరమ్మ నన్ను పిలిచి, “శనివారం దాకా చూస్తాను. తగ్గకపోతే రెండు వేళ్ళు తీసెయ్యక తప్పదు. ఈలోగా ఇట్లాంటిదానికి ఎవరు ఏం చేసినారో పుస్తకాల్లో వెతుకు” అంది. వల లాగి బతికే మనిషికి కుడిచేతి వేళ్ళు రెండు పోతే ఏమవుతుందో ఆమె చెప్పలేదు. నేనూ ఆలోచించలేదు. నా ఆలోచనంతా ‘పుస్తకాల్లో వెతుకు’ అన్న మాట మీదే ఉంది.

ఆ పుస్తకాలు ఓడలో మద్రాసుకొచ్చి, అక్కణ్ణించి రైల్లో వచ్చినవి. ప్రపంచంలోని వైద్య పత్రికల్లో వచ్చిన వ్యాసాల పేర్లన్నీ విషయాలవారీగా అచ్చేసిన లావుపాటి సంపుటాలు. బీరువా తాళం మామ దగ్గరుండేది. “ఏందమ్మే, ఇవన్నీ చదివే లోపల నీకు పెళ్ళీడు దాటిపోదూ?” అంటూ తీసిచ్చాడు. ముందు ‘చేప’ కింద చూశాను. చేపనూనె తాగితే బిడ్డలకు మేలా కాదా అని ఒకటి, గొంతులో ముల్లు ఇరుక్కున్న పెద్దమనుషుల గురించి కొన్ని, చేపకు గుండె ఎట్లా కొట్టుకుంటుందో చూసిన పనిలేనివాళ్ళవి మరికొన్ని. తర్వాత ‘కాటు’ చూశాను. పాములు, కుక్కలు, గుర్రాలు, చివరికి మనుషులు కూడా (మొగుడూ పెళ్ళాల సంగతి అయి ఉంటుంది). ఇక ‘చెయ్యి’ కింద ఉన్నవి లెక్కే లేదు. కాస్త బుద్ధి ఉన్నవాళ్ళు అక్కడ ఆగి, నేను వెతుకుతున్నది అసలు ఏమిటి అని ఆలోచించుకుంటారు. నేను అన్నీ రాసుకున్నాను. సండేస్కూల్లో పిల్లలకు పంచే గొర్రెపిల్లల బొమ్మ కార్డులు మా ఇంట్లో కట్టలు కట్టలుగా ఉండేవి. వాటి వెనకవైపు ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎర్ర సిరాతో గీతలు కొట్టి మరీ రాశాను. పుస్తకాల గది కిటికీ మగవాళ్ళ వార్డు వరండాలోకి ఉండేది. ఆ జాలరి మంచం సరిగ్గా దానికిందే. అతని మూలుగు నా ఏకాగ్రతకు అడ్డం వస్తున్నదని గురువారం మధ్యాహ్నం కిటికీ రెక్కలు మూసేశాను.

శనివారం పొద్దున డాక్టరమ్మ మంచం పక్కన నిలబడింది. నేను కార్డుల కట్ట అందించాను. ఆమె పైకార్డు చూసి, తిప్పి గొర్రెపిల్లను చూసి, మళ్ళీ తిప్పింది.

“ఎన్ని?”

“డెబ్బై మూడండీ.”

“ఇందులో ఈయనకు పనికొచ్చేది?”

నేను గొర్రెపిల్ల వైపు చూశాను. అది కూడా నా వైపే చూస్తోంది.

“సరే. ఏ చేప?” అంది డాక్టరమ్మ.

“చేపేనండీ” అన్నాను. “చీటీలో చేపకాటు అని...”

మంచం పక్కన నేల మీద కూర్చున్న జాలరి పెళ్ళాం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. “కాటేందమ్మా, అది కరస్తదా! టేకు చేప. చాటంత ఉండాది. వలలోంచి తీస్తావుంటే తోకతో కొట్టింది. దాని తోకలో రంపం మాదిరి ముల్లుంటాది. సగం ఇరిగి లోపల్నే ఉండాదని వచ్చిన దినమే చెప్పినాను ఆ కాంపౌండరయ్యకి. ‘ఉండమ్మే, ఉండు’ అన్నాడు. ఈ పాపకన్నా చెప్దామంటే కిటికీ మూసేసుకునె.”

మామ ఉన్నట్టుండి మందు సీసాలు సర్దడంలో మునిగిపోయాడు. డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. (అని ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.) అరగంటలో చెయ్యి కోసి, బొటనవేలి గోరంత ముల్లు ముక్క తీసి పళ్ళెంలో వేసింది. తర్వాత నన్ను మళ్ళీ బీరువా దగ్గరికి పంపింది. ఈసారి ఏ చేపో, ఏం చేసిందో తెలుసు కనుక పావుగంటలో మూడు వ్యాసాల పేర్లు దొరికాయి. అందులో ఒక్క పత్రికే మా దగ్గరుంది. ఆ వ్యాసం మొదటి పేజీలోనే చెప్పింది: ముందు లోపల ముల్లు విరిగి ఉందేమో చూడండి అని.

రెండు వేళ్ళూ పోతాయనుకున్న చోట ఒక వేలి కొస మాత్రం పోయింది. కట్టు విప్పిన రోజు అతను మిగిలిన వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూపించి, “వల పట్టొచ్చుమ్మా” అన్నాడు, నాకేదో ధైర్యం చెబుతున్నట్టు. మంగళవారమే అడిగి ఉంటే ఆ కొస కూడా ఉండేదేమో. అడగనిది నేనొక్కదాన్నే కాదుగదా అని చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. కానీ కిటికీ మూసింది మాత్రం నేనొక్కదాన్నే.

ఇప్పుడు నాకొక కొడుకు. వాడికి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, నా చెయ్యి దానంతటదే పుస్తకాల వైపు పోతుంది. పోయినదాన్ని వెనక్కి లాక్కుని, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, “ఏం నాయనా, యాడ నొప్పి?” అని అడిగి, జవాబు కోసం ఆగుతాను. వాడికింకా మాటలు రావు. అయినా ఆగుతాను.