రెప్ప కొట్టని అమ్మ

నాకు ఆధార్ అంటే మొదటినుంచీ మంట. సిమ్ కార్డుకెందుకు, కిరాయి ఇంటికెందుకు అని బాన్సువాడలో నేను పెట్టుకోని గొడవ లేదు. ఇచ్చే ప్రతి జిరాక్సు మీదా అడ్డంగా గీతలు గీసి, ఎందుకిస్తున్నానో రాసి, తేదీ వేసి మరీ ఇస్తాను. మా ఆవిడ దాన్ని నా నిత్యపూజ అని వెక్కిరిస్తుంది.

మా అమ్మ నాకు పూర్తిగా తలకిందులు. కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి బొడ్లో దోపుకున్న సంచీలో పెట్టుకుని తిరుగుతుంది. అడగనివాళ్లకు కూడా తీసి చూపిస్తుంది.

ఏళ్ల తరబడి బీడీలు చుట్టి ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర పడక రెండు నెలలుగా పింఛను అందలేదు. ఇప్పుడు ఫోన్లో మొహం చూసి ఇస్తున్నారని తెలిసి, తలకు నూనె రాసుకుని, పెళ్లిళ్లకు దాచుకున్న చీర కట్టుకుని బయల్దేరింది. తోడు నేను, నాతోపాటు నా ఉపన్యాసం.

"మొకం గూడ ఇచ్చినంక ఇగ నీకంటు ఏం మిగుల్తదే అమ్మా?"

"నా మొకం ఊరందరు సూస్తలేరా? గా ఫోను సూస్తే అరుగుతదా?"

పోస్టాఫీసులో పింఛన్లిచ్చే అతను ఫోన్ ఎత్తి పట్టుకుని, "అవ్వా, కండ్లు మూసి తెరువు," అన్నాడు. అమ్మ గుడ్లు మిటకరించి బిగుసుకుపోయింది. పెళ్లి ఫోటో నుంచి రేషన్ కార్డు ఫోటో దాకా, రెప్ప కొట్టొద్దని గదమాయించని ఫోటోగ్రాఫర్ లేడు మరి. ఒకసారి రెప్ప పడి ఫోటో చెడిపోతే మా నాన్న చేత చివాట్లు కూడా తిన్నది. మళ్లీ ఆ తప్పు చేస్తుందా?

"రెప్ప కొడ్తెనే నువ్వు బతికున్నవని ఒప్పుకుంటది అవ్వా. గిది ఫోటో గాదు."

"గట్లనే అంటరు. ఖరాబైతే మల్ల నన్నే తిడ్తరు."

మూడుసార్లు తీశాడు, మూడుసార్లూ పడలేదు. వెనక లైన్లో నవ్వులు. నాకు ఒళ్లు మండింది.

"నడువమ్మా! గీ పైసలు లేకుంటే ఏమైతది? నీకేం గావాల్నో నన్నడుగు. నేనియ్యనా?"

అమ్మ నావైపు తిరిగింది.

"ఇస్తవు కొడుకా. ఎందుకని అడిగి ఇస్తవు. మీ నాయిన గూడ గట్లనే ఇచ్చేటోడు. గీ పైసలకైతే ఎవ్వలు అడగరు."

అంటుండగానే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అవ్వా, ఒక్కసారి ఇటు సూడు," అన్నాడతను. తిరిగింది. నీళ్లు ఆగక రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. "అయ్యింది!" అన్నాడు.

నోట్లు కొంగున ముడేసుకుని బయటికి వచ్చింది. "నువ్వు ఇంటికి పో. నాకు పనున్నది," అంది.

ఏం పని, ఎవరితో, ఎంతసేపు? మూడు ప్రశ్నలూ నాలుక చివరికి వచ్చాయి. నాకే సిగ్గేసింది. "సరే అమ్మా," అని బండి తీశాను.