యోబు బూట్ల నంబరు

మా సంఘంలో యోబు కూర్చోగా ఎవరూ చూడలేదు. ఆదివారం ఆరాధన రెండున్నర గంటలు సాగినా ఆయన తలుపు దగ్గర నిలబడే ఉంటాడు. ఫ్యాను ఆగితే స్విచ్చు దగ్గరికి, పసిబిడ్డ ఏడిస్తే నీళ్ల క్యాను దగ్గరికి, పాట మొదలైతే మళ్లీ తలుపు దగ్గరికి. భార్య యాదలక్ష్మి ఓపిక పట్టలేక ఒకసారి పాట మధ్యలోనే అనేసింది.

"జర కూసోరాదు. గా తలుపేమన్న పారిపోతదా?"

"డ్యూటీల ఉన్న" అన్నాడు. అప్పటికి రిటైరై ఏడాది దాటింది.

యోబు గురించి రాయాలంటే ముందు ఆయన చేసిన పనులు చెప్పాలి. చెప్పుకోదగినవే. ఏడో తరగతి దాకా మాది ఒకే బడి, ఒకే పలక కూడా. నేను అక్కడ ఆగిపోయాను. యోబు పది పాసై 1982లో సికింద్రాబాద్ మైదానంలో పరుగెత్తి సైన్యంలో చేరాడు. మా వాడకట్టు నుంచి మిలిటరీకి పోయిన మొదటివాడు. పదిహేడేళ్లు లారీ నడిపాడు. శ్రీలంకలో నడిపాడు, లేహ్ దారిలో నడిపాడు. మంచులో ఇరుక్కున్న పదకొండు మందిని ఒక్క బండిలో కిందికి దించాడు. తిరిగొచ్చి 2001లో పోలీసు కానిస్టేబులయ్యాడు. నాదర్‌గుల్ దగ్గర గొలుసు దొంగ వెంట రెండు కిలోమీటర్లు పరుగెత్తి పట్టుకున్నప్పుడు ఆయనకు నలభై మూడేళ్లు. మా వాడకట్టు కాశమ్మ కాలుజారి వ్యవసాయ బావిలో పడితే నడుముకు తాడు కట్టుకొని దిగి తీశాడు. హెడ్ కానిస్టేబులయ్యాడు, ఏఎస్సై అయ్యాడు, సేవా పతకం అందుకున్నాడు. సంఘంలో పన్నెండేళ్లుగా డీకన్, అంటే పరిచర్య చూసుకునే పెద్ద. మన ఇబ్రహీంపట్నంలో ఇన్ని చేసినవాడు ఇంకొకడు ఉంటే నాకు చూపించండి.

అయితే ఇంత చేసినవాడికి, బుగ్గమ్మ అనే ఒక ముసలమ్మ చేత ఒక చిన్న గ్లాసు ద్రాక్షారసం తాగించడం పదేళ్లుగా చేతకాలేదు.

నెల మొదటి ఆదివారం మాకు రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల ఉంటుంది. డీకన్లు చిన్న చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకొని వరుసల వెంట వస్తారు. ఎవరి మీదైనా మనసులో కోపం ఉంటే ముందు పోయి సమాధానపడి రావాలి, లేకపోతే వాళ్ల చేతి గ్లాసు ముట్టకూడదు. ఇది మా సంఘం కట్టుబాటు. బుగ్గమ్మ వరుసకు రెండో డీకన్ కిరణ్ కుమార్ పళ్లెం తెస్తే ఆమె తీసుకుంటుంది. యోబు తెస్తే మాత్రం, రెండు చేతులతో పళ్లెం అందుకొని, కళ్లెత్తకుండా పక్కవాళ్లకు జరిపేస్తుంది. సంఘమంతా చూస్తుంది, ఎవరూ అడగరు. యోబు వీపు మాత్రం ఆ రోజంతా బిగుసుకుపోయి ఉంటుంది.

కారణం 2015 నాటిది. ప్రతి క్రిస్మస్‌కు మా చర్చిలో బట్టలు, చెప్పులు, దుప్పట్లు కుప్ప పోస్తాం. ఇచ్చినవాళ్ల పేరు చెప్పకుండా స్త్రీల సమాజంవాళ్లు పంచుతారు. యోబు ఏటా మిలిటరీ క్యాంటీనులో కొన్న బూట్లు ఒక జత ఆ కుప్పలో పెట్టేవాడు. సిపాయి అలవాటు పోక, ప్రతి బూటుకు లేసుల కింద ఉండే తోలు నాలుక లోపలి వైపు తన మిలిటరీ నంబరు చివరి నాలుగు అంకెలు, 4417, చెరగని సిరాతో రాసేవాడు. ఆ ఏడు ఆ జత బుగ్గమ్మ కొడుకు మహేశ్వర్‌కు వచ్చింది.

రెండు నెలలకు గోపయ్య బావి దగ్గర కరెంటు మోటారు పోయింది. అప్పుడు హెడ్ కానిస్టేబులుగా ఉన్న యోబే పోయి చూశాడు. తడి మట్టిలో మిలిటరీ బూటు అచ్చు. ఆ బూట్లు ఎవరి కాళ్లకున్నాయో కనుక్కోవడానికి పూట కూడా పట్టలేదు.

"దారిన పోతూ నీళ్లు తాగిన, హెడ్‌సాబ్. మోటారు సంగతి నాకెర్కలేదు" అన్నాడు మహేశ్వర్.

"బూట్లెక్కడియి?"

"చర్చిల ఇచ్చిన్రు."

యోబు బూటు నాలుక వెనక్కి తిప్పి చూశాడు. తన నంబరే. అప్పుడు ఒక్క మాట అనాల్సింది. ఇవి నేనిచ్చినవే, పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు అని. అనలేదు. సొంత సంఘం మనిషని కాపాడాడంటారేమోనని భయం వేసిందట. దొంగను రెండు కిలోమీటర్లు తరిమినవాడికి ఆ భయం! 'బూట్లు ఎక్కడివో సరైన జవాబు లేదు' అని రాశాడు. మహేశ్వర్‌ను రెండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టారు. అనుమానితుల జాబితాలో పేరెక్కింది.

మూడు నెలలకు కందుకూరు వైపు అసలు దొంగలు దొరికారు. కేసు పోయింది, పేరు మాత్రం జాబితాలో ఉండిపోయింది. దాన్ని కొట్టేయమని రాయాల్సిన యోబుకు అప్పుడే బదిలీ అయింది. ఆ తర్వాత ప్రతి ఎన్నికల ముందూ మహేశ్వర్‌ను పిలిచి, గొడవ చేయనని తహసీల్దారు ముందు సంతకం పెట్టించి పంపేవారు. రావిర్యాల దగ్గర ఒక కంపెనీలో బస్సు డ్రైవరు పని వచ్చినట్టే వచ్చి, పోలీసు విచారణ కాగితం దగ్గర ఆగిపోయింది.

మొన్నటి పంచాయతీ ఎన్నికల తేదీలు రాగానే మహేశ్వర్‌కు మళ్లీ పిలుపొచ్చింది. తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద యోబుకు ఎదురుపడ్డాడు.

"ఏం పని మీద వచ్చినవ్ బిడ్డా?" అని యోబు తెలియక అడిగాడు.

"మీరు వెట్టిన పనే, హెడ్‌సాబ్. ఓట్లొచ్చినప్పుడల్ల పండుగ లెక్క వస్తది" అని మహేశ్వర్ నవ్వాడు. పక్కనున్న అతని భార్య భాగ్య నవ్వలేదు.

యోబు ఆ సాయంత్రం అన్నం ముందు నుంచి మూడుసార్లు లేచాడట. తెల్లవారి పోయి బుగ్గమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది.

"అక్కా, మహేశ్వర్ మీద నేను రాసింది తప్పు."

"పదేండ్లకు యాదికొచ్చిందా?"

"గా బూట్లు..."

"నీయే. నాకెర్కే" అంది ఆమె, చేతిలో కాయ వదలకుండా. "నేను సదువుకోలే గని నా మనవరాలు పూజిత సదివింది. చర్చికి బెంచీ ఇచ్చి దాని వీపు మీద పేరు, నంబరు రాయించుకున్నవ్ గద. 'నానమ్మా, నాయిన బూట్లల్ల ఉన్న నంబరే గిది' అన్నది."

"మరి ఎవ్వరికెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన."

యోబు అక్కడ నిలబడలేకపోయాడు. నేరుగా ఠాణాకు పోయాడు. ఎస్సై సతీశ్ ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. మొత్తం విని కలం కింద పెట్టేశాడు.

"సార్, ఎర్కుండి చెప్పలేదని రాస్తే ఎంక్వైరీ మీ మీదనే పడ్తది. పతకం కూడా గుంజుకుంటరేమో. పాత కాగితాలల్ల పొరపాటని రాద్దాం తియ్యండి."

"పొరపాటు కాదు. నేను చూసిన, మూసుకున్న. గదే రాయి."

వాంగ్మూలం మూడు పేజీలు వచ్చింది. ప్రతి పేజీ కింద సంతకం పెట్టి, పై అధికారి ఆఫీసుకు తానే మోసుకుపోయి ఇచ్చాడు. మహేశ్వర్ పేరు జాబితా నుంచి కొట్టేసినట్టు కాగితం అక్కడి నుంచే రావాలి. తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి అదే చెప్పాడు. నేను ఆయన్ను పొగుడుతూ ఇన్నేళ్లు గడిపినవాణ్ణి, నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు. పాస్టరుగారు ప్రార్థన చేసి, డీకన్ పనిలోనే ఉండమన్నారు.

జనవరి మొదటి ఆదివారం వచ్చింది. బుగ్గమ్మ వరుసకు యోబే పళ్లెం పట్టుకొచ్చాడు. ఆ పక్క వరుసలో నేనున్నాను. పాట ఆగింది. మొదటిసారి ఆమె కళ్లెత్తి చూసింది.

"కాయితం వచ్చిందా?"

"ఇంక రాలే, అక్కా. తిరుగుతున్న."

"వచ్చినంక తాగుతా" అని పళ్లెం పక్కకు జరిపింది. యోబు అడుగు వేయబోతుంటే కొంగు కింద నుంచి సిమెంటు సంచి ఒకటి బయటకు లాగింది. "గివి తీస్కపో. నా కొడుకు మళ్ల తొడగలే. తిరిగెటోనివి, నీకు పనికొస్తయ్."

ఆరాధన అయ్యాక ఆయన తన ఇంటి గడప మీద కూర్చుని సంచి విప్పాడు. తోలు బిగుసుకుపోయింది, ఒక లేసు తెగింది. 4417 మాత్రం నిన్న రాసినట్టే ఉంది. యాదలక్ష్మి కొబ్బరినూనె తెచ్చి రాసింది.

ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున ఏడు గంటల బస్సుకు యోబు ఆ బూట్లతోనే స్టాండులో కనిపిస్తాడు. చంకలో కాగితాల కవరు. కండక్టరు సీటు చూపించినా నిలబడే పోతాడు. ఆఫీసులో "వచ్చే వారం రాండ్రి" అంటారు. మళ్లీ పోతాడు. కుడి మడమ ఒరుసుకుపోయింది, చెప్పులు వేసుకొమ్మని నేనన్నాను.

"కాయితం చేతికొచ్చినంక ఇడుస్త" అన్నాడు, బస్సు వైపు నడుస్తూనే.