వెనక నుంచి అరిచింది మా చెల్లెలు

మా చిన్నప్పుడు... రైల్వే క్వార్టర్స్ వెనక ఎర్రమట్టి మైదానంలో ఆడపిల్లలం హాకీ ఆడేవాళ్ళం. కర్రలు సగం విరిగినవే. సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టుకుని నడిపించేవాళ్ళం. సాయంత్రం ఇంటికి వెళితే మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము... అమ్మ గోలెం దగ్గరే ఆపి, కాళ్ళు కడుక్కుంటేగాని గడప దాటనిచ్చేది కాదు.

జట్టులో ఇద్దరం అక్కచెల్లెళ్ళం. నేను పెద్దదాన్ని, క్లాసులో ఫస్టు. నాకన్నా రెండేళ్ళు చిన్నది మా పైడితల్లి. లెక్కలంటే దానికి చలిజ్వరం. ఆరో తరగతి రెండుసార్లు చదివింది. ఇంట్లో దాని పేరు పైడి... కోపం వస్తే మొద్దు. కోపం తరచుగానే వచ్చేది.

మేముండేది బెంగాలీల ఊరు, మా గేమ్స్ సర్ కూడా బెంగాలీ ఆయనే. జట్టుని ప్రోగ్రెస్ కార్డులు చూసి నిలబెట్టేవారు. నిజంగానే. "బీచ్ మే దిమాగ్ చాహియే", మధ్యలో బుర్ర ఉండాలి అంటూ, మైదానం మధ్యలో సెంటర్ హాఫ్‌గా నన్ను పెట్టారు. మార్కులు లేని పైడిని బాగా వెనక, గోల్ ముందు ఫుల్‌బ్యాక్‌గా పెట్టారు. అడ్డంగా నిలబడి కొట్టడానికి బుర్రెందుకు అన్నది ఆయన లెక్క.

కానీ వెనక నిలబడితే ఆట మొత్తం కనబడుతుంది... పైడికి కనబడేది. అవతలి పిల్ల కర్ర ఎత్తకముందే అరిచేది. "అప్పా, కుడికెల్లు." మావైపు అక్కని అప్ప అని, ఆడపిల్లని గుంట అని అంటారు. "అప్పా, ఆగు, అదిప్పుడు ఎనక్కి ఇస్తాది." నేను అటు వెళ్ళి నిలబడేదాన్ని. బంతి సరిగ్గా అక్కడికే వచ్చేది. చూసినవాళ్ళు "ఎంతైనా ఫస్టొచ్చే పిల్ల కదా" అని మెచ్చుకునేవాళ్ళు. నాకు బాగుండేది. అబద్ధం ఎందుకు, చాలా బాగుండేది.

ఒకసారి అడిగాను, నీకెలా తెలుస్తాదే అని.

"ఏటో అప్పా. ఆ గుంట కాలు ఎటు తిప్పితే బంతి అటెల్తాది. నీకు అవుపడదేటి?"

నాకు ఎప్పుడూ కనబడలేదు.

నేను తొమ్మిదిలో ఉండగా, స్పోర్ట్స్ హాస్టల్‌కి పిల్లల్ని ఎంచడానికి బయటి ఊరినుంచి ఒక పెద్దాయన వచ్చారు. అందులో చేరితే తిండి, కోచింగ్... పెద్దయ్యాక ఆటల కోటాలో ఉద్యోగం కూడా రావచ్చు. చదువుతో పైడికి ఏ దారీ లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. దానికి ఇంకా బాగా తెలుసు. వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు, కర్ర వదల్లేదు.

మొదటిరోజు ఆయన మా ఆట చూశారు. రెండోరోజు పొద్దున్న కాగితాలు పంచారు. ఈ బొమ్మల్లో తేడాగా ఉన్నదేది, తర్వాత వచ్చే అంకె ఏది... అలాంటివి. ఆటకి బుర్ర ముఖ్యమట, ఇందులో తప్పినవాళ్ళు మైదానంలోకి రానక్కర్లేదట. నాకు అందరికన్నా ఎక్కువ వచ్చాయి. పైడి సగం కాగితం ఖాళీగా ఇచ్చింది. దాన్ని మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబెట్టారు.

అప్పుడు ఆయన నన్ను పిలిచి హిందీలో అడిగారు... నిన్న వెనక నుంచి ఒక పిల్ల ఆపకుండా ఏదో అరుస్తూనే ఉంది, ఏమంటోంది అని. ఆయనకి తెలుగు రాదు.

ఒక్క మాట చాలు. బంతి ఎటు పోతుందో చెబుతోంది సర్, అది చెప్పినట్టే నేను ఆడతాను... అంటే చాలు. కనీసం ఒక్కసారి ఆడించి చూసేవారు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అది చెబితే ఇన్నాళ్ళూ అందరూ మెచ్చుకున్న నా బుర్ర ఏమైపోవాలి?

"కుఛ్ నహీ సర్, ఏమీ లేదు" అన్నాను హిందీలోనే. "అది మా చెల్లెలు. భయమేసి ఊరికే అలా అరుస్తుంది."

ఆయన తలూపి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం వెనక గొంతు లేకుండా ఆడాను. బంతి ఎటో, నేనెటో. అరగంటలో నన్నూ బయటికి పిలిచేశారు. ఇంటికి వెళ్ళాక పైడి ఏడుస్తుంటే అమ్మ అంది, "బుర్రున్న అప్పకే రానేదు, నీకేటొస్తాదే. ఏడుపాపి అన్నం తిను." నేను పక్కనే కూర్చుని తిన్నాను.

లెక్కల్లో తెలివి వేరు, ఆటలో తెలివి వేరు... ఆరోజు ఆ మాట చెప్పగలిగిన మనిషి మైదానంలో ఒక్కర్తే ఉంది. ఆ ఒక్కర్తీ నోరు మూసుకుంది.

మరుసటేడు పైడి బడి మానేసింది. ఇప్పుడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఏదో ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తోంది. నేను పరీక్ష రాసి ఆఫీసులో కుర్చీ సంపాదించాను. కాగితాలు నింపడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చు మరి.

పోయిన ఆదివారం పూరీ గేట్ దగ్గర వాళ్ళింటికి వెళ్ళాను. టీవీలో ఆడపిల్లల హాకీ వస్తోంది. పైడి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, సగం సగం చూస్తూ, "ఎడం పక్కకి ఇస్తాది సూడు" అంది. ఆ పిల్ల ఎడమ పక్కకే ఇచ్చింది. ఇక ఆగలేకపోయాను. ముప్పై ఏళ్ళు దాచిందంతా చెప్పేశాను.

అది తల కూడా ఎత్తలేదు.

"తెల్సప్పా. తాడు అవతలే కదా నిల్సున్నాను. నాకు హిందీ రాదనుకున్నావేటి?"

"మరప్పుడే ఎందుకు సెప్పనేదే?"

"సెప్తే ఎవులు నమ్ముతారు? ఫస్టొచ్చిన గుంటవి నువ్వు."

టీ పెట్టి ఇచ్చింది. తాగి వచ్చేశాను. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది...

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. ఇప్పుడు ఆ మైదానంలో కర్ర పట్టిన ఆడపిల్ల కనబడదు, పైడికి నలభై దాటాయి. అప్పట్లో నా ఆట చూసి మెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే... ఆ తెలివి నాది కాదు, మా పైడితల్లిది.

మీ ఇంట్లో కూడా మొద్దు అనిపించుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళకి మాత్రమే వచ్చిన విద్య ఏమిటో కింద రాయండి, పేరుతో సహా రాయండి. అవన్నీ మా పైడికి చదివి వినిపిస్తాను. నేను రాసింది మాత్రం వినిపించనక్కర్లేదు... అది దానికి ముప్పై ఏళ్ళుగా తెలుసు.