నరసింగరావు బావ సీసాలో దాచిన ముద్దలు

మా బావ నరసింగరావు తెలివితక్కువవాడు కాడు. ముందే చెప్పేస్తున్నాను. ఆయన పోయాక ‘నాటుమందు తాగి పోయాడట’ అని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళ జిమ్మడ, ఆయన చేసిన పని ఒక్క షిఫ్టు చేసే దమ్ము వాళ్ళలో ఒక్కడికీ లేదు.

గరివిడి లోహాల ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశాడు. కొలిమి నోరు తెరిస్తే కరిగిన లోహంతోబాటు స్లాగ్ వస్తుంది. స్లాగ్ అంటే పనికిరాని మష్టు. తేలిక గనక లోహం మీద తేలుతుంది. దాని రంగు చూసి లోపల సరుకు ఎలా ఉడికిందో బావ చెప్పేసేవాడు. ఇంజనీర్లు కూడా ఆయన్ని అడిగేవారు.

రెండేళ్ళ కిందట గుండెపోటు వచ్చింది. విశాఖలో స్టెంటు వేశారు. కొలెస్ట్రాల్ మాత్ర జీవితాంతం మానకూడదన్నారు. అదే ఆయనకు మింగుడుపడలేదు.

“బతికినన్నాళ్ళూ వాడమన్నది మందేట్రా గిరీ? రోగం తగ్గించీదే మందు,” అని నాతో అనేవాడు.

నేను విజయనగరంలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. బావ భార్య తాయారు నాకు సొంత అక్క. మా వైపు అప్ప అంటాం.

ఒక ఆదివారం ఇద్దరూ ఆరోగ్యం కోసం అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకున్నారు. తిరిగొస్తుంటే ఒక లాడ్జి ముందు బ్యానరు కనిపించింది: ‘మాత్రలు లేకుండా మూడు వారాల్లో కొవ్వు మాయం’. లోపల తెల్లకోటు వేసుకుని ఒకడు కూర్చున్నాడు. బోర్డు మీద వాడి పేరు లేదు, చదువూ లేదు. బావ ఏం పనిచేస్తాడో ముందు అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత, “మీ ఫర్నేస్‌లో స్లాగ్ వేరుపడినట్టే ఒంట్లో కొవ్వు వేరుపడి బయటికొచ్చేస్తుంది. మీ కళ్ళతో మీరే చూసుకోండి,” అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఒక సీసా నూనె, విరేచనాల పొడి చేతిలో పెట్టాడు. వారానికోసారి నిమ్మరసంతో కలిపి తాగాలి. మాత్రలు మానెయ్యాలి.

తాగాడు. మర్నాడు నిజంగానే వచ్చాయి, బఠాణీలంత పచ్చటి ముద్దలు, నీళ్ళలో తేలుతూ. అసహ్యపడకుండా వాటిని ఏరి, కడిగి, గాజుసీసాలో దాచాడు. ఫర్నేస్ మనుషులందరికీ చూపించాడు. నేను వెళ్ళినప్పుడు నాకూ చూపించాడు.

“సూడ్రా, ఎలా తేలతన్నాయో. ఒంట్లో స్లాగిది.”

నాకు ముక్కు మీద కోపం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు.

“బుద్ధుందా బావా? మొన్న గుండె ఆగిపోబోయింది. రాళ్ళు కరిగించినోడివి, నీకు రక్తం గురించి ఏటి తెలుసు?”

అప్ప ముందు, పక్కింటివాళ్ళ ముందు అనేశాను. బావ సీసా మూత బిగించి లోపలికి తీసుకుపోయాడు.

“స్లాగ్ నేను గుర్తుపట్టనేట్రా? ముప్పై ఏళ్ళ నుంచి సూస్తన్నాను. నువ్వెళ్ళు,” అన్నాడు.

వెళ్ళిపోయాను. అయిదు నెలలు ఆ గడప తొక్కలేదు. ఆయనే పిలుస్తాడులే అనుకున్నాను. ఆయన మాత్రలు వేసుకోవడం లేదని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

తర్వాత అప్ప ఫోన్ చేసింది. “గేటు దాకా నడిస్తే గుండె అట్టుకుని కూకుండిపోతన్నారు. ఆసుపత్రికి రమ్మంటే రారు. ఓపాలి రారా,” అంది.

వెళ్ళి రక్తం తీసుకొచ్చాను. రిపోర్టు చూశాను. కొలెస్ట్రాల్ స్టెంటు వేసిననాటి కంటే ఎక్కువుంది. సాయంత్రమే మళ్ళీ వెళ్ళాను. ఈసారి అరవలేదు. సీసాలోంచి ఒక ముద్ద అడిగి గరిటెలో వేశాను. గిన్నెలో వేడినీళ్ళు పోయించి గరిటెను నీళ్ళమీద ఉంచాను. కాసేపటికి ముద్ద కరిగి పచ్చటి నూనె అయింది.

“నువ్వు తాగిన నూనే బావా ఇది. నిమ్మరసంతో కలిసి కడుపులో సబ్బులా గడ్డకట్టింది. రక్తంలో కొవ్వు ఇలా ముద్దలై బయటికి రాదు.”

బావ గరిటెను వేలితో తాకి, వాసన చూశాడు. ఆయన అడిగింది తన గురించి కాదు.

“ఈ నూనె పదకొండుమందికి ఇప్పించినాన్రా. ఆళ్ళకేటని సెప్పీది?”

ఆ రాత్రే మాత్ర వేసుకున్నాడు. “రేపే ఆసుపత్రికి పద బావా,” అంటే, ముందు వాళ్ళకు చెప్పి వస్తానన్నాడు. ఒక్కొక్కడి ఇంటికీ తనే వెళ్ళి, “నేను మోసపోయి మిమ్మల్నీ మోసం సేసినాను, మానెయ్యండి,” అని చెప్పాడు. తొమ్మిదిమందికి చెప్పగలిగాడు. పదోవాడి వీధిలో కూలిపోయాడు. విజయనగరం చేరేలోపు ప్రాణం పోయింది. మాత్రలు మానకపోతే బతికేవాడా అని డాక్టరుని అడిగాను. “ఖాయంగా చెప్పలేం, కానీ మానకుండా ఉండాల్సింది,” అన్నారు.

పదో రోజున, అందరూ వెళ్ళాక, అప్ప నాకు అన్నం వడ్డించింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. గొంతులో కోపం లేదు.

“గిన్నెడు ఏణ్ణీళ్ళతో అయిపోయీ పనికి అయిదు నెలలేట్రా తమ్ముడూ?” అంది.

తిట్టి ఉంటే బాగుండేది. అన్నం కలుపుతూ అలాగే కూర్చున్నాను.