మూలుగలో మిగిలిపోయిన జబ్బు

మా అప్పకు, అంటే మా అక్కకు, రక్త క్యాన్సర్ తిరగబెట్టిందని తెలిసిన రోజు మేమిద్దరం ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. మొదటిసారి చోడవరం నుంచి విశాఖకు బస్సుల్లో తిరిగి, మందులు ఎక్కించుకుని, జుట్టంతా పోగొట్టుకుని, రక్తం శుభ్రంగా ఉందనిపించుకుని ఇంటికొచ్చింది. మళ్ళీ జుట్టు పెరిగింది. చెరకు పనులు చూసుకోవడం మొదలుపెట్టింది. అంతలో జ్వరం, చిగుళ్ళ నుంచి రక్తం.

"అన్ని మందులు ఎక్కించేరు కదా డాక్టరమ్మా, ఇదెక్కడ దాక్కుంది?" అని అడిగింది అప్ప.

డాక్టరు నెమ్మదిగా చెప్పింది. ఎముకల లోపలి మూలుగలో ఆక్సిజన్ బాగా తక్కువ. అక్కడ చేరిన క్యాన్సర్ కణాలు ఆ కొరతకు తట్టుకునేలా మారిపోతాయట. కొన్ని పెరగడం మానేసి నిద్రపోయినట్టు పడి ఉంటాయట. మందులు చాలావరకు పెరిగే కణాలనే చంపుతాయి కనుక ఇవి మిగిలిపోతాయి.

"అయితే నాను గట్టిగా ఊపిరి పీలిస్తే అక్కడికి గాలి ఎల్తాదా?"

డాక్టరు నవ్వలేదు. "లేదమ్మా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ అక్కడ తక్కువే. ఆ కణాలు తట్టుకునే దారిని మూసేసే మందుల కోసం పరిశోధనలు చేస్తున్నారు. మీకివ్వడానికి ఇంకా సిద్ధం కాలేదు. ముందు వేరే మందులతో జబ్బు తగ్గిద్దాం. మీ తమ్ముడి మూలకణాలు సరిపోతే తర్వాత ఎక్కిద్దాం."

సరిపోయాయి. జబ్బు తగ్గాక, నా చేతి నుంచి రక్తాన్ని యంత్రంలోకి పంపి, కావలసిన కణాలు తీసుకుని మిగతాది నాకే ఎక్కించారు. నాకంతే. అప్ప మాత్రం అద్దాల గదిలో, కణాలు ఎక్కించే ముందు ఇచ్చిన గట్టి మందులకు నోరంతా పుండ్లతో, గంజి కూడా మింగలేక పడుకుంది. అద్దానికి ఇవతల నుంచి ఫోన్ చేసేవాణ్ణి.

"ఒరే, ఇంటికెల్లి తొంగో. నీ మొకం సూడలేకపోతన్నాను."

"నీకు బాగైతే ఎల్తానప్పా."

"బాగవడానికే అలిసిపోయేన్రా."



నా కణాలు ఆమె మూలుగలో నిలదొక్కుకున్నాయి. నెలల తర్వాత చేసిన పరీక్షల్లో జబ్బు కనబడలేదు. పూర్తిగా పోయిందా అని అడిగితే, ఇంకా చూస్తూ ఉండాలంది డాక్టరు. ఇంటికి తీసుకొచ్చాను. పొరుగువాళ్ళు పలకరించడానికి గుమ్మం ముందుకొచ్చారు.

"ఆలకి నువ్వే సెప్పరా," అంది అప్ప మాస్కు సరిచేసుకుంటూ. "సెప్పి సెప్పి నోరు నొప్పెడతంది." లోపలికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. నేను తలుపు దగ్గరకు వేసి, బయట నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాను.